రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు

నా దగ్గర ఒక ఫైలు ఉంది. అట్ట మెత్తబడి, మూలలు చీలిపోయిన పాత ఫైలు. అందులో పదకొండు కాగితాలున్నాయి. అన్నీ మా కాలనీవాళ్లు, మా వెనక బస్తీవాళ్లు, నేను కలిసి రాసినవే. ప్రతి కాగితం మీదా ఒక గుండ్రటి ముద్ర, ముద్ర మధ్యలో తేదీ, పక్కన ఎవరిదో పొట్టి సంతకం. కాగితం అందిందని ఆ ముద్ర చెబుతుంది. అందినట్టు పదకొండు రుజువులున్నాయి. చదివినట్టు ఒక్కటీ లేదు.

ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినదాన్ని. ఏటా వందల పేపర్లు దిద్దాను. ఏడో తరగతి పిల్లవాడు వంకరటింకర అక్షరాలతో రాసిన వ్యాసానికైనా ఎర్రసిరాతో నాలుగు మాటలు రాసి వెనక్కి ఇచ్చేదాన్ని. తప్పుంటే ఎక్కడుందో సున్నా చుట్టేదాన్ని. జ్వరమొచ్చి దిద్దడం ఆలస్యమైతే పిల్లలే మీదపడి అడిగేవాళ్లు, "టీచర్, మా పేపర్లేవి?" అని. అలా అడిగే హక్కు పన్నెండేళ్ల పిల్లలకు ఉంది. అరవై దాటిన మాకు లేదు. మేం రాసింది ఒప్పో తప్పో, కుదురుతుందో కుదరదో, డబ్బు లేదో, మనసు లేదో చెప్పే నాథుడు లేడు.

సంగతేమిటంటే, రాబోయే ఇరవై ఏళ్లలో మా ప్రాంతంలో పార్కులు, ఆటస్థలాలు, చెరువుగట్లు ఎలా ఉండాలో ఒక ప్రణాళిక తయారవుతోందనీ, దాని మీద ప్రజల నుంచి అభ్యంతరాలు, సలహాలు కోరుతున్నామనీ పేపర్లో ప్రకటన వచ్చింది. టెండర్ ప్రకటనల మధ్య ఇరుక్కొని, చీమ తలకాయంత అక్షరాలతో. గడువు పదిహేను రోజులు. అది మా కంటపడేసరికే ఆరు రోజులు గడిచిపోయాయి. పటం చూడాలంటే కార్యాలయానికి రమ్మన్నారు. వెళితే పటం ఉన్న గదికి తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. రెండోసారి వెళ్తే గది తీశారు. గోడంత పటం. రంగుల అర్థం చెప్పే పట్టిక మొత్తం ఇంగ్లీషులో ఉంది. సర్వే నంబర్లు నా కళ్లజోడుకు అందలేదు. పక్కింటి రిటైర్డు సర్వేయర్ గారు వేలు పెట్టి చూపించారు. మేం పదహారేళ్లుగా పార్కు అని పిలుచుకుంటున్న జాగా ఆ పటంలో ఆకుపచ్చగా లేదు. పసుపుగా ఉంది. పసుపంటే ఇళ్ల స్థలం.

ఆ క్షణంలో మా అందరి కాళ్లూ చల్లబడ్డాయి. ఆ జాగాలో మేం నాటిన కానుగ చెట్లు ఇప్పుడు రెండంతస్తుల ఎత్తున్నాయి.

అభిప్రాయ సేకరణ సభ పెట్టారు. బుధవారం పొద్దున పదకొండు గంటలకు. కూలికి వెళ్లేవాళ్లూ, ఆఫీసులకు వెళ్లేవాళ్లూ, బడిపిల్లలూ ఒక్కరు కూడా రాలేని వేళ అది. వచ్చినవాళ్లం రిటైరైన ఓ పదిమందిమి, ఆ రోజు పని మానుకొని వచ్చిన ఇద్దరు బస్తీ ఆడవాళ్లు. నలభై నిమిషాల పాటు తెర మీద బొమ్మలు చూపించారు. ఏ దేశానివో పచ్చిక బయళ్లు, తెల్లటి కాలిబాటలు, వాటి మీద బెలూన్లు పట్టుకున్న ఏ దేశపు పిల్లలో. మా పార్కు ఫొటో ఒక్కటీ లేదు. మా చెరువు ఫొటో లేదు. ప్రజలు మాట్లాడటానికి చివర్లో పది నిమిషాలు మిగిలాయి.

ఆ పది నిమిషాల్లో బస్తీ నుంచి వచ్చిన ఒకావిడ లేచి నిలబడింది. మూడిళ్లలో గిన్నెలు తోమి ముగ్గురు పిల్లల్ని చదివిస్తున్న మనిషి. కొంగు బిగించి పట్టుకొని, గొంతు వణుకుతుండగా అంది: "సారూ, మా పోరగాండ్లు యాడ ఆడాలె? గల్లీల ఆడితే బండ్లొస్తయి. పార్కుల కాలు పెడితే వాచ్‌మెన్ ఎల్లగొడ్తడు. పొద్దుగాల గంట, పొద్దుమీకి గంట గేటు తీస్తరు. గప్పుడు పెద్దోళ్లు నడుస్తరు. మా పిల్లలకు యాల్ల ఏదీ?" వేదిక మీదాయన ఫోను చూసుకుంటూ, "నోట్ చేసుకోండి" అన్నారు. కింద కూర్చున్న కుర్రాడు పెన్ను మూత తీశాడు. నేను సరిగ్గా అతని వెనక కుర్చీలోనే ఉన్నాను. సభ అయ్యేదాకా ఆ కాగితం వంకే చూస్తున్నాను. తెల్లగానే ఉంది.

ఆవిడ ఒకరోజు కూలి పోగొట్టుకొని వచ్చి అడిగిన మాట ఒక్క అక్షరంగానైనా మిగల్లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బయటికి వచ్చేటప్పుడు హాజరు పట్టికలో సంతకాలు పెట్టించుకున్నారు, ఫొటో తీసుకున్నారు. అది మర్యాద కోసం అనుకున్నాం. తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగితే తెలిసింది, ఆ సంతకాలూ ఆ ఫొటో నివేదిక చివర అతికించారనీ, పైన "స్థానికులతో సంప్రదింపులు జరిపిన మీదట" అని రాశారనీ. మేం ఒప్పుకోలేదని చెప్పడానికి వెళ్లి పెట్టిన సంతకాలు మా ఒప్పుదల పత్రంగా మారాయి. మా సలహాలేమయ్యాయన్న ప్రశ్నకు మాత్రం ఒకే వాక్యం వచ్చింది: పరిశీలనలో ఉన్నాయి. ఎవరి పరిశీలనలో, ఎప్పటిదాకా, ఎక్కడ? అప్పీలు చేశాం. ఆ అప్పీలు కాగితం మీద కూడా ముద్ర పడింది.

ఇంతకీ మేం ఏం అడిగాం? ఆకాశంలో చుక్కల్ని తెమ్మన్నామా? మధ్యాహ్నం పూట కూడా గేటు తెరిచి ఉంచమన్నాం. ఎండాకాలం సెలవుల్లో రేకుల ఇళ్లలో ఉడికిపోయే పిల్లలకు, ముసలివాళ్లకు ఆ నాలుగు చెట్ల నీడ కావాలన్నాం. ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కావాలన్నాం. గంటసేపు నడుద్దామని వచ్చిన షుగర్ మనిషి అరగంటకే ఇంటికి పరుగెత్తవలసి వస్తోందని రాశాం. కూర్చునే బల్లలకు వీపు ఆన్చుకునే పలక పెట్టించమన్నాం. మోకాళ్లు అరిగిన మనిషి లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతి ఆనుపు పెట్టమన్నాం. గేటు దగ్గరి మూడు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా ఏటవాలు దారి వేయమన్నాం, మా వీధిలో పక్షవాతం వచ్చిన మాస్టారు నాలుగేళ్లుగా ఆ చెట్లను గేటు బయటి నుంచే చూసి వెళుతున్నారు కాబట్టి. పిల్లలు బంతి ఆడుకోవడానికి ఒక మూల మట్టినేల వదిలేయమన్నాం. అన్నిటికన్నా ముందు, ఆ జాగాను పటంలో ఆకుపచ్చగా మార్చమన్నాం. పార్కు స్థలంగా రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి తెచ్చి జతచేశాం.

వీటిలో ఏది ఖర్చుతో కూడుకున్నది? గేటు తెరవడానికి ఏ బడ్జెట్ కావాలి?

ఏడాదిన్నర తర్వాత ఒక లారీ వచ్చింది. మాకు ప్రాణం లేచొచ్చింది. అందులో నుంచి దింపినవి ఇవి: గేటుకు కట్టడానికి ఒక పెద్ద ఆర్చి, ఫొటోలు దిగడానికి ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు, ఒక సిమెంటు జింక, నాలుగు కసరత్తు యంత్రాలు. కసరత్తు యంత్రాలు పెట్టడానికి, పిల్లల ఆటకు వదలమన్న ఆ కాస్త మట్టినేల మీద సిమెంటు పోశారు. ఆర్చి కోసం రెండు కానుగ చెట్లు కొట్టేశారు. మేం అడిగినది ఒక్కటీ రాలేదు. మేం అడగని నాలుగు వచ్చాయి. అడ్డం పడితే కాంట్రాక్టర్ మనిషి, "మీరే కదమ్మా పార్కు బాగు చేయమని అర్జీలు పెట్టింది" అన్నాడు. పెళ్లికి ముహూర్తం పెట్టి, పందిరి వేసి, విస్తళ్లు పరిచాక పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టుంది. మా విషయంలో అప్పుడు కూడా అడగలేదు.

పిల్లల మాట దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను. తెలుగు నగరాల్లో ఏ పార్కుకైనా వెళ్లి గేటు పక్కన బోర్డు చదవండి. బంతి ఆటలు ఆడరాదు. సైకిళ్లు తేరాదు. గడ్డి మీద నడవరాదు. పిల్లవాడు చేసే పనులన్నీ ఒకచోట రాసి, వాటి కింద రాదు అని చేర్చినట్టుంటుంది. పిల్లలు మైదానాలకు పోదామంటే మైదానాలు ఎగ్జిబిషన్లకూ, సభలకూ, పార్కింగుకూ అద్దెకు పోయాయి. బడుల సంగతి నాకు బాగా తెలుసు. అపార్టుమెంటు మూడో అంతస్తులో బడి నడుస్తోంది, ఆటల పీరియడ్‌లో పిల్లలు క్యారమ్స్ బోర్డు చుట్టూ నిలబడుతున్నారు. మిగిలింది గంటకింత అని కట్టి ఆడే టర్ఫ్. ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల, రాత్రి లైట్లు. గిన్నెలు తోమే తల్లి కొడుకు ఆ వల బయట నిలబడి, లోపల ఆడేవాళ్ల బంతి బయటపడితే తెచ్చి అందిస్తున్నాడు. నేను కళ్లారా చూశాను. బంతి తిరిగి విసిరే ఆ ఒక్క క్షణం కోసం ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఆటా విశ్రాంతీ పిల్లల హక్కులని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది. ఆ సంగతి కూడా ఒక అర్జీలో రాశాను. అది మూడో కాగితం. ముద్ర ఉంది.

చట్టం లేదా అంటే ఉంది. లేఔట్ వేసినప్పుడు మొత్తం స్థలంలో పది శాతం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో తెచ్చిన మార్గదర్శకాలు నగరంలో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలన్నాయి. మన లెక్కలో పన్నెండు, పద్నాలుగు గజాలు. ఒక మనిషి చాప పరుచుకొని పడుకుని, పక్కన పిల్లవాడు రెండు గంతులు వేసేంత జాగా. అంతకు మించి ఆశ ఎవరికీ లేదు.

పది శాతం వదలకుండా ప్లాట్లు అమ్ముకున్నవాళ్లు అమ్ముకొని వెళ్లిపోయారు. శిక్ష పడింది కొన్నవాళ్లకు. 2020 ఆగస్టు 31న తెలంగాణ ప్రభుత్వం లేఔట్ల క్రమబద్ధీకరణకు 131వ నంబరు జీవో ఇస్తే పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఖాళీ స్థలం వదలని లేఔట్‌లో ప్లాటు కొన్న మనిషి, ఆ లేని స్థలానికి బదులుగా తన ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలి. అంటే లేని పార్కుకు కూడా మనమే డబ్బు కడుతున్నాం. మా పక్క కాలనీలో ఆటో నడుపుకునే ఒక కుటుంబం నగలు కుదువపెట్టి ఆ సొమ్ము కట్టింది. ఇవ్వాళ్టికీ ఆ కాలనీలో పిల్లలు ఆడుకోవడానికి గజం స్థలం లేదు. ఆ 14 శాతం మా చుట్టుపక్కల ఏ ఊరి చివర ఎన్ని గజాల పచ్చికగా మారిందో చెప్పమని అడిగాం. అది ఏడో కాగితం.

మా ఒక్క కాలనీ గోడు అయితే ఇంత బాధ ఉండేది కాదు. హైదరాబాద్ పేర్లు ఒకసారి పైకి చదవండి: జాంబాగ్, బషీర్‌బాగ్, కుందన్‌బాగ్, సీతారాంబాగ్, బాగ్‌లింగంపల్లి. బాగ్ అంటే తోట. తోటలు పోయి బస్టాపుల పేర్లుగా మిగిలాయి. 1846లో వేసిన బాగే ఆం, మనం పబ్లిక్ గార్డెన్స్ అనే ఆ తోట పేరుకు అర్థమే సామాన్యుల తోట అని. మన శాసనసభ భవనం ఆ తోట చెంతనే ఉంది. అక్కడ కూర్చునే పెద్దలకు కిటికీ తెరిస్తే చెట్లు కనిపిస్తాయి. చెట్టు నీడ విలువ తెలియదని ఎలా అనుకోను?

కేబీఆర్ పార్కు సంగతి చూడండి. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దాదాపు 390 ఎకరాలు. నగరం నడిబొడ్డున నెమళ్లు తిరిగే అడవి. 2016లో ఫ్లైఓవర్ల కోసం దాని చుట్టూ మూడు వేలకు పైగా చెట్లు తొలగించాలనుకున్నప్పుడు పిల్లలూ పెద్దలూ ఆదివారాలు వచ్చి నిలబడ్డారు, చెట్లను కౌగిలించుకున్నారు. చెట్లు కొట్టకుండా స్టే ఇచ్చింది ఆ మాట విన్న అధికారి కాడు, హరిత ట్రైబ్యునల్. ఆ అడవి చుట్టూ రక్షణగా ఎంత మేర సున్నిత మండలం ఉండాలో చెప్పే ముసాయిదా వచ్చింది. అలాంటి ముసాయిదాపై అభిప్రాయం చెప్పడానికి జనానికి 60 రోజులు ఇస్తారు. జనం చెప్పారు. ముసాయిదాలో ఆ మేర 25 నుంచి 35 మీటర్లు. జనం అడిగింది పెంచమని. 2020 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అది కొన్నిచోట్ల మూడు మీటర్లకు దిగింది, ఎక్కువలో ఎక్కువ 29.8. మూడు మీటర్లంటే మా ఇంటి వరండా. పెంచమని రాసినవాళ్ల కాగితాలు ఏమయ్యాయి? తగ్గించమని ఎవరు రాశారు? వాళ్ల కాగితానికి అంత విలువ ఎక్కడిది? తర్వాత ప్రభుత్వం మారింది. 2024లో అవే కూడళ్లకు మళ్లీ ఫ్లైఓవర్ల, అండర్‌పాస్‌ల ప్రతిపాదనలు వచ్చాయి, 826 కోట్ల అంచనాతో. ఎవరు వచ్చినా ఆ చెట్లు అడ్డమే.

ఇందిరా పార్కు దగ్గర జరిగింది నన్ను మరీ కోతపెడుతుంది. దాన్ని ఆనుకొని ధర్నా చౌక్ ఉంది. ఈ రాష్ట్రంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా వచ్చి కూర్చునే చోటు అది. అంగన్‌వాడీ చెల్లెళ్లు, రైతులు, ఉద్యోగాలు రాని పిల్లలు. మేం టీచర్లం కూడా వేతన సవరణ కోసం అక్కడ ఎండలో కూర్చున్నాం. 2017లో అక్కడ ధర్నాలు వద్దన్నారు. చెప్పిన కారణాల్లో ఒకటి, వాకర్లకూ స్థానికులకూ ఇబ్బందిగా ఉందని. అన్నేళ్లలో పార్కులో నడిచేవాళ్ల మాట ప్రభుత్వం చెవిన పడింది అప్పుడొక్కసారే. మరుగుదొడ్డి కావాలన్నప్పుడు పడని మాట, బల్లలు కావాలన్నప్పుడు పడని మాట, ఇంకొకరి నోరు మూయించడానికి పనికొచ్చినప్పుడు మాత్రం పడింది. జనం కోర్టుకు వెళితే తప్ప, 2018లో హైకోర్టు చెబితే తప్ప ఆ చోటు మళ్లీ తెరుచుకోలేదు. మన ఊళ్లలో రచ్చబండ ఉండేది. రావిచెట్టు నీడన సేద తీరడమూ, ఊరి సంగతి మాట్లాడటమూ ఒకే అరుగు మీద జరిగేవి. ఆ అరుగు మీద అందరికీ చోటుండేదని నేను అబద్ధం చెప్పను. ఎవరు పైన కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో కులమే నిర్ణయించేది. ఇప్పుడు అందరికీ సమానంగా చోటిస్తామన్న రాజ్యాంగం ఉంది, ఆ అరుగే లేకుండా పోయింది.

కంచ గచ్చిబౌలి గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2025 మార్చి 30, ఉగాది రోజు. పచ్చడి తిని కూర్చున్నామో లేదో, విశ్వవిద్యాలయం పక్కనున్న నాలుగు వందల ఎకరాల ఆ నేలలోకి యంత్రాలు దిగాయని తెలిసింది. ఎదురుపడిన విద్యార్థుల్ని ఈడ్చి వ్యాన్లలో ఎక్కించారు. చీకట్లో లైట్లు పెట్టి చెట్లు పడగొడుతుంటే నెమళ్ల అరుపులు ఫోన్లలో మనమంతా విన్నాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకొని ఆపమంటే ఆగాయి. అప్పటికే వంద ఎకరాల మేర చెట్లు నేలకూలాయి. ఒక నగరంలో చెట్టు కొట్టొద్దని చెప్పడానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దిగిరావాలా? మధ్యలో ఉన్న అన్ని అంతస్తుల్లో, అన్ని కార్యాలయాల్లో ఒక్క చెవి కూడా లేదా? జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లకు రక్షణగా 1996లో ఇచ్చిన 111 జీవో ఆంక్షల్ని 2022లో ఎత్తివేసినప్పుడు ఆ నీళ్లు తాగిన తరాలను ఎవరడిగారు?

కోర్టులు వింటాయి కదా అని కొందరు ఊరడిస్తారు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చేస్తే, ఆ వీధివాళ్లు పట్టువదలకుండా సుప్రీంకోర్టు దాకా పోరాడి 1991లో గెలిచారు. ముద్దప్ప కేసు అంటారు. పార్కు లేకుండా పోతే నష్టపోయేది ఆ వీధిజనమేననీ, అందుకే అడిగే హక్కు వాళ్లకుందనీ కోర్టు ఒప్పుకుంది. ఆ తీర్పు నకలు కూడా మా ఫైల్లో ఉంది, తొమ్మిదో కాగితానికి జతగా. కానీ గిన్నెలు తోమే ఆవిడ సుప్రీంకోర్టుకు ఎలా వెళుతుంది? మధ్యాహ్నం గేటు తీయండన్న మాట కోసం వకీలును పెట్టుకోవాలా?

పెద్ద ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. మూడు లక్షల జనాభా దాటిన ప్రతి పట్టణంలో. మా వార్డు కమిటీ సభ్యులెవరని కాలనీలో వందమందిని అడిగి చూడండి. ఎప్పుడు కూర్చున్నారో, ఏం మాట్లాడారో అడగండి. పార్కు గేటు వేళలు నిర్ణయించాల్సింది వాళ్లే కదా. అది కూడా పైనెక్కడో కూర్చున్నవాళ్లు నిర్ణయిస్తే ఇక కింద మేం ఎందుకు?

అధికారులందరూ చెడ్డవాళ్లని నేననను. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఇద్దరు అలాంటి కుర్చీల్లోనే ఉన్నారు. ఒకడు ఇంటికొచ్చి, "టీచర్, మా చేతుల్లో ఏముంటుంది? ప్లాన్ మా దగ్గరికి వచ్చేసరికే అయిపోయి ఉంటుంది. అభ్యంతరాలు పిలవాలి కాబట్టి పిలుస్తాం, కట్టలు కట్టి పంపుతాం" అన్నాడు తల దించుకొని. వాడికి నేను అన్నం పెట్టాను, కానీ ఆ మాట మింగుడుపడలేదు. కట్టలు కట్టేటప్పుడు ఒక్క కాగితమైనా విప్పి చదివావా అని అడిగాను. వాడు మాట్లాడలేదు. బడిలో వాడు రాసిన ప్రతి అక్షరాన్ని నేను చదివాను. పదో తరగతిలో "మా ఊరి చెరువు" మీద వాడు రాసిన వ్యాసం నాకింకా గుర్తుంది. బాగా రాశాడు.

మేం అడిగినవన్నీ చేసి తీరాలని మేం పట్టుబట్టడం లేదు. కుదరనివి ఉంటాయి, తెలుసు. ఒక్కో అభ్యంతరానికి ఎదురుగా ఒక్కో వాక్యం రాయమంటున్నాం. ఇది ఒప్పుకున్నాం, ఇందుకు. ఇది ఒప్పుకోలేదు, ఇందుకు. ఆ పట్టిక తెలుగులో రాసి పార్కు గేటుకు అంటించమంటున్నాం. రాదు, రాదు, రాదు అని రాసిన బోర్డు పక్కనే. సభ పెట్టదలిస్తే ఆదివారం సాయంత్రం ఆ పార్కులోనే, చెట్టు కింద పెట్టమంటున్నాం. బొమ్మలు చూపించే తెర అక్కర్లేదు. చుట్టూ చూస్తే చాలు.

మొన్న శనివారం బస్తీ ఆవిడ పెద్దకూతురు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. పన్నెండో కాగితం తను రాస్తానంది. నేను చెప్పి రాయించలేదు. కూర్చొని, పెదవి కొరుక్కుంటూ, కొట్టేసుకుంటూ రెండు పేజీలు రాసింది. తమ్ముడికి గల్లీలో స్కూటర్ తగిలి చెయ్యి విరిగిందని రాసింది. గేటు తీస్తే చెట్లకు నీళ్లు తామే పోస్తామని రాసింది. సిమెంటు జింకను ఎవరికైనా ఇచ్చేసి ఆ చోటు తమకిమ్మంది. కింద బస్తీ పిల్లలు ఇరవై ముగ్గురు సంతకాలు పెట్టారు. ఇద్దరికి సంతకం రాదు, పేర్లు రాశారు. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. మడత పెడుతుంటే ఆ పిల్ల అడిగింది, "టీచర్, వాళ్లు ఎన్ని రోజులకు తిరిగిస్తరు?" అని.

సోమవారం ప్రజావాణి, అర్జీలు తీసుకునే రోజు. ఆ పిల్ల బడి మానకూడదు. ఈ కాగితం కూడా నేనే తీసుకెళ్తాను.